అంకెలుగా తరలిన ధ్వని

నందికొండ యనగానే మనకు ముందుగా ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ అచ్చట పునాదిరాయి వేసిరి. దాదాపు పండ్రెండేండ్ల పిమ్మట, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలలోనికి నీరు విడిచిరి. నడుమ గడచిన కాలమున వేలకొలది కూలీలు పరంజాలపై వరుసలుగా నిలిచి, రాయి వెంట రాయి అందించుకొని కృష్ణకు అడ్డముగా ఆ కట్టడమును లేపిరి. ఇది తెలిసిన కథయే. కాని ఆ నీటి క్రింద మునిగిన లోయలో మరియొక కథ కలదు. ధ్వనిని గూర్చి మేము చెప్పబూనిన ఈ ప్రసంగమునకు అదియే సరియైన ఆరంభమని మాకు తోచినది.

ఆ లోయ ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. 1926లో రంగస్వామి సరస్వతి యను శాసన పరిశోధకుడు అచ్చటి శిథిలములను లోకమునకు తెలియజేసెను. పిమ్మట లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. ఆనకట్ట నిశ్చయమైన తరువాత, లోయ మునుగుటకు ముందే చూడదగినదంతయు చూడవలెనని, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వమున పురావస్తుశాఖ వారు ఎడతెగక త్రవ్విరి. బయల్పడిన వానిలో నాలుగు వైపుల మెట్లవరుసలు గల ప్రేక్షాగృహ మొకటి. నడుమ చదునైన రంగము, చుట్టును కూర్చుండుటకు మెట్లు. నేడు యాంఫీథియేటరు అని అందరు పిలుచుచున్నది దానినే. మునుగబోవు కట్టడములలో ముఖ్యమైన కొన్నింటిని, ఏ రాయి ఎచ్చట నుండెనో గుర్తించి, విడదీసి, కొండపైకిని, కుడిగట్టున అనుపు వద్దకును తరలించి తిరిగి కూర్చిరి. ప్రేక్షాగృహము అనుపునకు వచ్చినది.

అచ్చటికి పోయిన యాత్రికులు నడుమ నిలిచి చప్పట్లు చరచి, మారుమ్రోత వినుట ఒక వేడుక. ఆ కట్టడపు ధ్వని గుణమును గూర్చి మార్గదర్శకులు గొప్పగా చెప్పుదురు. మేమును చప్పట్లు చరచితిమి. అయితే మాకొక శంక కలిగినది. రాళ్ళు తరలినవి, వాని వరుస తరలినది, కొలతలు తరలినవి. వెనుక నుండిన కొండవాలు తరలలేదు, లోయ గాలి తరలలేదు. ఇక్ష్వాకుల నాటి శ్రోత విన్న ధ్వనియే మనకు వినబడుచున్నదని ఎవరు చెప్పగలరు? వస్తువును ముక్కలుగా విడదీసి, గుర్తులు వేసి, వేరొకచోట తిరిగి నిలిపినప్పుడు ఏది నిలుచును, ఏది పోవును? ఈ ప్రశ్న రాళ్ళకే కాదు. ఆనకట్ట లేచుచున్న ఆ సంవత్సరములలోనే, భూగోళమున వేరువేరు చోట్ల, కొందరు ఇంజనీర్లు మానవ కంఠమును ఇట్లే విడదీసి తరలించుటకు పూనుకొనియుండిరి.

ముందుగా పాత పద్ధతిని కొంచెము తలచుకొందము. మన పెద్దల కాలపు వాల్వు రేడియోను వెనుకకు త్రిప్పి చూచినవారికి ఎరుకయే. అట్టముక్క మూతపై రెండు జతల రంధ్రములుండెడివి. ఒక జత గ్రామఫోను పిక్-అప్ తీగలను లోనికి చేర్చుటకు, మరియొక జత లోపలి ధ్వనిని వెలుపలి స్పీకరునకు తీసికొని పోవుటకు. పెండ్లి ఇంట రేడియో లోపలి గదిలో నుండి పందిటిలో స్పీకరు మ్రోగుట ఆ రెండవ జత చలవయే. పంచాయతీ కచేరి చూరునకు కట్టిన లౌడుస్పీకరును ఆ తరముదియే. 1935లో నిజాము ప్రభుత్వపు అధీనములోనికి వచ్చిన డెక్కన్ రేడియో గాని, 1950 ఏప్రిల్ 1న దానిని తనలో చేర్చుకొన్న ఆకాశవాణి గాని పలికిన పలుకు మారుమూల పల్లెకు చేరునప్పటికి ఎన్ని తీగలు, ఎన్ని వాల్వులు, ఎన్ని అతుకులు దాటెనో ఎంచుట కష్టము.

ప్రతి అతుకు వద్దను ధ్వనికి కొంత మలినము అంటుకొనును. తీగలో ప్రవహించు విద్యుత్తు, ధ్వని తరంగము ఎట్లు హెచ్చి తగ్గునో అట్లే హెచ్చి తగ్గుచుండును. అది ధ్వనికి నీడ వంటిది. ఆ నీడపై ఇంకొక నీడ పడినచో రెండింటిని విడదీయుట ఎవరి తరము కాదు. విద్యుత్సరఫరా వలని గుయ్యిమను రొద, మోటారు తిరిగినప్పటి చిటపటలు, వాల్వులలోని సన్నని బుస, అన్నియు ధ్వనితో కలిసిపోవును. ధ్వనిని పెద్దది చేసినచో రొదయు పెద్దదగును. దూరభాష తంతులు ఖండములను దాటసాగిన తరువాత ఈ చిక్కు ఇంజనీర్లకు ప్రాణము మీదికి వచ్చినది. దారిలో ఎన్ని వర్ధకములు పెట్టినను, ప్రతి వర్ధకము మాటతో పాటు రొదను కూడ పెంచి ముందుకు పంపుచుండెను.

దీనికి ఉపాయము కనిపెట్టినవాడు అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయుడు. పారిస్ నగరమున ఒక టెలిఫోను సంస్థ ప్రయోగశాలలో పని చేయుచు, 1937లో ఆయన ఇట్లాలోచించెను: ధ్వని తరంగపు నీడనే పంపనేల? క్షణక్షణము దాని ఎత్తు కొలిచి, ఆ కొలతను అంకెగా వ్రాసి, అంకెలనే పంపరాదా? అంకెలను ఉన్నది, లేదు అను రెండు సంకేతములతోనే వ్రాయవచ్చును. దారిలో ఎంత రొద చేరినను, అవతలివాడు తెలిసికొనవలసినది ఒక్కటే: సంకేతము ఉన్నదా, లేదా? ఆ మాత్రము తెలిసినచో సంకేతమును క్రొత్తగా, శుభ్రముగా తిరిగి వ్రాసి ముందుకు పంపవచ్చును. రొద ఆ చోటనే రాలిపోవును. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులో ఆయన ఈ ఉపాయమునకు పేటెంటు కోరెను. కాని దీనికి వలసిన వాల్వుల సంఖ్య అపారము, ఖర్చు అపారము. ట్రాన్సిస్టరు పుట్టువరకు ఆ ఊహ చాలవరకు కాగితము మీదనే నిలిచినది.

ఒక్కచోట మాత్రము ఖర్చు చూడలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున లండను, వాషింగ్‌టనుల మధ్య రహస్య సంభాషణలకై అమెరికా వారు నిర్మించిన సిగ్సాలీ యను యంత్రము 1943 జూలైలో పని ప్రారంభించెను. ఏబది టన్నులకు పైబడిన ఆ యంత్రపు లండను భాగమును ఒక పెద్ద అంగడి భవనపు నేలమాళిగలో నుంచిరి. మాటను అంకెలుగా మార్చి, ఆ అంకెలపై అర్థరహితమైన వేరు అంకెలను కలిపి పంపుదురు. ఆ అర్థరహితపు అంకెలు గ్రామఫోను ప్లేట్లపై నుండును. ఇరుచోట్లను సరిజోడైన ప్లేట్లు ఒకే వేగమున తిరుగవలయును. అవతల వానిని తీసివేయగా మాట బయటపడును. ఒకమారు వాడిన ప్లేటును నాశనము చేయుదురు. గ్రామఫోను ప్లేటుకు ఇట్టి వినియోగము కలుగునని దానిని కనిపెట్టినవారు కలలోనైన అనుకొనియుండరు!

ఎంత తరచుగా కొలిచినచో చాలును? దీనికి గణితశాస్త్రము సమాధానము చెప్పినది. 1928లో అమెరికాలో హారీ నైక్విస్టు దారి చూపెను. 1933లో రష్యాలో కోటెల్నికోవ్, 1949లో అమెరికాలో క్లాడ్ షానన్ దానిని సిద్ధాంతముగా స్థిరపరచిరి. తరంగములో నుండు అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపు కంటె హెచ్చుసార్లు కొలిచినచో, ఆ కొలతల నుండి మొదటి తరంగమును యథాతథముగా తిరిగి గీయవచ్చును. రెండు కొలతల నడుమ ఏమి జరిగెనో పోగొట్టుకొంటిమన్న భయము వలదు. మెట్లుమెట్లుగా వచ్చునని చాలమంది పొరపాటు పడుదురు. సరియైన వడపోత పెట్టినచో మెట్లు మిగులవు, నునుపైన తరంగమే మిగులును. ఇది మొదట వినునప్పుడు నమ్మబుద్ధి కాదు. మేమును చాలకాలము నమ్మలేదు.

నందికొండలో రాతిపని సాగుచున్న 1957లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ ఒక కంప్యూటరు చేత పదునేడు సెకనుల సంగీతమును అంకెలుగా లెక్కకట్టించి, ఆ అంకెలను ధ్వనిగా మార్పించెను. వినినవారు అది శ్రావ్యముగా నుండెనని చెప్పలేదు. అంకెల నుండి ధ్వని వచ్చుటయే వింత. 1962లో అదే దేశమున ఇరువదినాలుగు సంభాషణలను అంకెలుగా మార్చి ఒకే మార్గమున పంపు టెలిఫోను తంతి వ్యవస్థ వాడుకలోనికి వచ్చినది. నాగార్జునసాగరు కాలువలు పారిన 1967లోనే జపాను ప్రసార సంస్థవారు ధ్వనిని టేపుపై అంకెలుగా ముద్రించు యంత్రమును ప్రదర్శించిరి. 1972లో ఇంగ్లండున బి.బి.సి. వారు లండను నుండి తమ ట్రాన్స్‌మిటర్లకు కార్యక్రమములను అంకెల రూపమున పంపసాగిరి. ఇంటిలోని శ్రోతకు ఈ సంగతి తెలియదు. తన రేడియో ఎందుకో ఇదివరకటి కంటె స్పష్టముగా నున్నదని మాత్రము అతడు అనుకొనియుండును.

ఈ చరిత్రలో మన తెలుగువాని పేరొకటి ఘనముగా నున్నది. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి గారు, లోకమునకు రాజ్ రెడ్డి, మదరాసు గిండీ కళాశాలలో 1958లో పట్టము పొందినది సివిల్ ఇంజనీరింగులో. ఆ దినములలో ఆ విద్య నేర్చిన తెలుగు యువకునికి ఆనకట్టలే ముందు కనబడుట సహజము. ఆయన ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట కంప్యూటరుల పరిచయము సంపాదించి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు చేరి, మానవుని మాటను అంకెలుగా మార్చి కంప్యూటరునకు అందించి, అది ఏ శబ్దమో గుర్తింపజేయు ప్రయత్నము చేసెను. 1966లో డాక్టరేటు పొందినది ఆ విషయముననే. ఆ పిమ్మట మాటతో చదరంగము ఆడించుట వంటి ప్రయోగములు సాగినవి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము ఆయనకు లభించినది. యంత్రము మనమాట విని జవాబు చెప్పుట నేడు పిల్లలకు ఆటయైనది. తొలి దినములలో ఆ మాటను అంకెలుగా పట్టుకొనుటయే ఒక పెద్ద పని అని వారికెవరు చెప్పుదురు?

అంకెల ధ్వని సామాన్యుని ఇంటికి వచ్చినది కాంపాక్టు డిస్కుతో. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన ఆ పళ్ళెము 1982 అక్టోబరులో జపానున అంగళ్ళకు వచ్చినది. దానిపై ధ్వనిని సెకనునకు 44,100 మార్లు కొలుతురు. ఈ వింత సంఖ్య ఎచ్చటిదని శ్రోతలు అడుగవచ్చును. తొలినాళ్ళలో ఇన్ని అంకెలను పట్టించుకొనగలది వీడియో టేపు యంత్రమొక్కటే. దాని చిత్రపు ఒక్కొక్క గీతపై మూడు కొలతలు వ్రాసిరి. అమెరికా, జపాను పద్ధతిలో సెకనునకు 60 మార్లు 245 గీతలు, ఐరోపా పద్ధతిలో 50 మార్లు 294 గీతలు. ఎట్లు గుణించినను 44,100 అగును. అనగా టెలివిజను బొమ్మ కొరకు ఏర్పడిన లెక్క సంగీతమునకు కొలబద్ద అయినది. ఒక్కొక్క కొలతకు 16 ద్వ్యంకములు, అనగా 65,536 మెట్లు. కుడి ఎడమలు రెండును కలిపి సెకనునకు 14,11,200 ద్వ్యంకములు.

అయితే చెవి అంకెలను వినలేదు. చివర ఎచ్చటనో ఒకచోట అంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చవలయును. ఆ పని చేయు పరికరమును డి.ఎ.సి. అందురు, వాడుకలో డాక్. ఎన్ని సముద్రములు దాటినను మలినము అంటని ధ్వని, ఈ చివరి గడపలో మలినపడవచ్చును. అనుపు వద్ద రాళ్ళను తిరిగి పేర్చిన మేస్త్రీ చేతిలో నుండినంత బాధ్యత ఈ చిన్న పరికరము చేతిలో నున్నది.

కంప్యూటరు కథ ఇచ్చట కలియును. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు కీచుమను ఒక చిన్న స్పీకరు తప్ప ఏమియు ఎరుగదు. 1987లో ఆడ్‌లిబ్, 1989లో సౌండ్ బ్లాస్టర్ అను సౌండ్ కార్డులు వచ్చి దానికి గొంతునిచ్చినవి. కార్డు అనగా కంప్యూటరు లోపల గాడిలో దిగగొట్టు ఒక పలక. డాక్ ఆ పలకమీదనే యుండును. ఇచ్చటనే చిక్కు. కంప్యూటరు పెట్టె లోపలి భాగము సంతబజారు వంటిది. సెకనునకు కోట్లసార్లు ఆరి వెలుగు సంకేతములు, గిరగిర తిరుగు డిస్కు మోటారు, పంకా, క్షణమునకొక విధముగా కరెంటు లాగు చిప్పులు. వీని నడుమ కూర్చుండి డాక్ సన్నని తరంగమును గీయవలయును. మాటరాని బిడ్డను సంతలో నిలిపి రహస్యము చెప్పమన్నట్లున్నది.

మా అనుభవమొకటి చెప్పెదము. మా పెదనాన్నగారు నందికొండ పనులలో ఓవర్సీయరు. ఉద్యోగ విరమణానంతరము, బంధువులందరు చేరిన ఒక సాయంకాలము, ఆనకట్ట పనిని గూర్చి ఆయన చెప్పిన మాటలను ఒక కాసెట్టుపై పట్టుకొంటిమి. ఆయన పోయిన చాల ఏండ్లకు ఆ కాసెట్టును ఒకచోట ఇచ్చి కాంపాక్టు డిస్కుగా మార్పించితిమి. టేపు ఒక వానకాలమున బూజు పట్టి, పొరలు అంటుకొని పనికిరాకపోయినది. డిస్కు మాత్రము మిగిలినది. 2006లో దానిని కంప్యూటరులో పెట్టి వింటిమి. పెదనాన్నగారి కంఠము వెనుక గుయ్యిమను రొద. దానిపై సన్నని కూత. మౌసు కదిపినప్పుడెల్ల ఆ కూత స్వరము మార్చును! అప్పుడైనను మాకు బుద్ధి రావలసినది. రాలేదు. మార్పించి యిచ్చినవారు పాడుచేసిరనియు, లేదా టేపే పాడనియు నిశ్చయించుకొంటిమి. రొదను తీసివేయు ప్రోగ్రాము ఒకటి తెచ్చి నడిపితిమి. రొద తగ్గినట్లే తోచినది, కాని దానితో పాటు సకార షకారములు అరిగిపోయినవి. నెమ్మదిగా పలికిన వాక్యముల చివరలు మాయమైనవి. అయినను, రొద లేని ప్రతియే మేలని, అది ఉంచి తక్కినది పారవేయ సిద్ధపడితిమి.

మా ఇంటికి చదువుకొనుటకు వచ్చు ఇంజనీరింగు విద్యార్థి యొకడు విని నవ్వెను. "బాబాయిగారూ, రొద డిస్కులో లేదండి, మీ పెట్టెలో ఉన్నది" అనెను. మౌసు కదుపుట ఎరిగిన రొద ముప్పదియేండ్ల నాటి కాసెట్టులో నెట్లుండునని అతని ప్రశ్న. మేము సిగ్గుపడితిమి.

అతడు మూత తెరచి చూపెను. ఆ కాలపు డిస్కు డ్రైవులకు వెనుక నాలుగు సూదుల గూడు ఒకటి యుండెడిది. డ్రైవు తనలోని చిన్న డాక్‌తో అంకెలను ధ్వనిగా మార్చి, ఒక సన్నని తీగజడ ద్వారా సౌండ్ కార్డునకు పంపును. ఆ తీగజడ సంతబజారు నడుమ నుండియే పోవును. రొద అంతయు అచ్చటను, కార్డులోపలను అంటుకొన్నది. దాని ప్రక్కన రెండు సూదుల చిన్న గూడు మరియొకటి, దానిలో అంకెలే వచ్చును. తల్లిపలక మీదను అట్టిదే మూడు సూదుల గూడు కలదు. ఒకటి అయిదు వోల్టుల సరఫరా, ఒకటి భూతీగ, ఒకటి అంకెల సంకేతము. తయారుచేసినవారు దారి పెట్టిరి గాని వెలుపలికి సాకెట్టు పెట్టలేదు. ఎందరు అడుగుదురని కాబోలు! వాల్వు రేడియో వెనుక రంధ్రములను ఎరిగిన మాకు ఇది పాత స్నేహితుని చూచినట్లుండెను. తేడా ఒక్కటి, అచ్చట ధ్వని వచ్చెడిది, ఇచ్చట అంకెలు వచ్చును.

ఆ అంకెలు వచ్చు తీరు ముచ్చటైనది. సోనీ, ఫిలిప్స్ పేర్ల మొదటి అక్షరములతో ఎస్.పి.డి.ఐ.ఎఫ్. అని పిలువబడు పద్ధతి అది. స్టూడియోల కొరకు 1985లో ఏర్పడిన పద్ధతికి ఇది ఇంటి తమ్ముడు. ఒకే తీగపై కుడి కొలత, ఎడమ కొలత ఒకదాని వెంట ఒకటి పోవును. ఒక్కొక్క కొలతకు 32 ద్వ్యంకముల స్థానము. 16 ధ్వనికి పోగా తక్కిన స్థానములలో ఇంకను సూక్ష్మమైన కొలతలకు చోటు, తప్పొప్పుల గుర్తులు, వరుస ఎచ్చట ప్రారంభమగునో తెలుపు చిహ్నములు ఉండును. కొలబద్ద వేరుగా పంపబడదు, సంకేతములోనే ఇమిడియుండును. ప్రతి ద్వ్యంకము ఆరంభమున వోల్టేజి తిరుగబడును. అది ఒకటి యైనచో నడుమ మరియొకమారు తిరుగబడును, సున్నయైనచో తిరుగబడదు. అందుచేత అవతలి డాక్ ఆ తిరుగుబాట్ల నడక వినియే తాళము పట్టుకొనును. తాళము వేరుగా వేయువాడు లేకయే మృదంగము నడక నుండి తాళమును గ్రహించు గాయకుని వలె. తీగలను తారుమారు చేసి కలిపినను అర్థము చెడదు, ఎందుకన తిరుగబడుటయే ముఖ్యము గాని ఎటు తిరుగబడెనో ముఖ్యము కాదు.

చిప్పు నుండి నేరుగా వచ్చు సంకేతము అయిదు వోల్టుల వరకు నుండవచ్చును. వెలుపలి పద్ధతికి అర వోల్టు చాలును, తీగ నిరోధము 75 ఓములు. కావున రెండు రెసిస్టర్లతో దానిని తగ్గించవలయును. విద్యార్థి ఆ రెండింటిని చిన్న పలకపై అతికి సాకెట్టు చేసెను. తొందరపడి గూడులో తగిలించినది మేము, ఒక సూది ప్రక్కకు! అయిదు వోల్టులు భూతీగను తాకినవి. కంప్యూటరు ఉలుకు పలుకు లేక పడియుండెను. ఆ అరగంట మా ఇంట ఎవరును మాటాడలేదు. అదృష్టవశమున విద్యుత్సరఫరా తన్నుతాను కాపాడుకొన్నది. తిరిగి సరిగా తగిలించి, అతడు తెచ్చిన డాక్ పెట్టెకు తీగ కలిపి, డిస్కును అంకెలుగానే చదువు ప్రోగ్రాము నడిపితిమి.

కూత పోయినది. మౌసు మూగదైనది. కాని గుయ్యిమను రొద కొంత మిగిలినది. అతడు తల గోకికొని, కారణము చెప్పెను. అంకెలు శుభ్రముగానే వచ్చుచున్నవి. కాని తీగపై తొడుగు కంప్యూటరు భూమిని, మన ఆంప్లిఫైయరు భూమిని కలుపుచున్నది. రెంటి నడుమ ప్రవహించు సరఫరా కరెంటు రొద చేయుచున్నది. మరునాడు రాగితీగకు బదులు కాంతిని తెచ్చెను. 1983లో తోషిబా వారు ఇండ్ల ఉపకరణములకై తయారుచేసిన టోస్‌లింక్ అను సాధనము, ఎర్రని వెలుగును ప్లాస్టిక్ నాళమున పంపును. అదే అంకెలు, అదే తాళము, కాని రెండు పెట్టెల నడుమ లోహబంధము లేదు. నాళపు కొనలో దీపము మిణుకుమిణుకుమనుట కూడ కంటికి తెలియదు, అంత వేగము, ఎర్రని చుక్కగా నిలుచును. డాక్‌కు కలిపిన క్షణమున గది నిశ్శబ్దమైనది. ఇంత నిశ్శబ్దము ఆ డిస్కులో మొదటినుండి ఉన్నదని మాకప్పుడు తెలిసినది.

ఇచ్చట ఒక మాట. వెలుపలి డాక్ మంత్రదండము కాదు. కాసెట్టుకు సహజమైన సన్నని బుస అట్లే యున్నది, ఉండవలసినదే. వేలకు వేలు పోసి కాంతినాళములు కొని, బంగారు పూత చూచుకొని మురియు మిత్రులున్నారు. అంకెలు సరిగా చేరినంతవరకు బంగారమునకు పని లేదు. తాళము నడకలో అతిసూక్ష్మమైన తడబాటు ఉండవచ్చును, మంచి డాక్ దానిని సరిదిద్దుకొనును. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి ఉండెను. ఆ కాలపు సౌండ్ కార్డులు పెక్కు సెకనునకు 48,000 కొలతల వేగమునే ఎరుగును. 1998లో వచ్చిన పేరుపొందిన కార్డు ఒకటి అన్నింటిని ఆ వేగమునకు మార్చి గాని పంపదు. 147 కొలతల స్థానమున 160 క్రొత్త కొలతలను ఊహించి గీయవలయును. బాగుగా గీసినచో చెవికి తెలియదు, తొందరగా గీసినచో తెలియును. అందుకే కొందరు ఔత్సాహికులు ఇంకను లోపలికి పోయి, కార్డుపై డాక్ చిప్పు కాళ్ళ వద్దనే మూడు సన్నని తీగలు అతికి, అంకెలు, తాళము, కుడి ఎడమల గుర్తు వేరువేరుగా తీసికొనిరి. ఫిలిప్స్ వారు 1986లో చిప్పుల మధ్య సంభాషణకై ఏర్పరచిన పద్ధతి అది. గజము దూరము పోవుటకు ఉద్దేశింపబడలేదు, తీగ పొడుగైనచో అంకెలు తారుమారగును. మేమా సాహసము చేయలేదు. ఒకమారు సూది తప్పినది చాలును.

ఇప్పుడు ఆ మూడు సూదుల గూడును వెదకువారు తక్కువ. యు.ఎస్.బి. తీగపై ధ్వనిని పంపు నియమములు 1998లోనే ఏర్పడినవి. నేడు బొటనవ్రేలంత డాక్‌ను ఫోనునకు తగిలించి వినువారు బస్సులలో కూడ కనబడుచున్నారు. కొన్ని పరికరములలో తాళము వేయు అధికారము కంప్యూటరు నుండి డాక్‌కే మారినది. అది కోరినప్పుడే అంకెలు వచ్చును. నందికొండ పేరిట 2018లో పురపాలక సంఘ మేర్పడినది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీలలో నాటి క్వార్టర్లు కొన్ని ఇంకను నిలిచియున్నవి. మా పెదనాన్నగారు కాపురమున్న వరుసలో ఇల్లు ఏదో మేము గుర్తుపట్టలేకపోతిమి.

శుభ్రపరచితిమనుకొన్న ప్రతిని ఆ రాత్రియే తుడిచివేసితిమి. మొదటి ప్రతిని మూడుచోట్ల భద్రపరచితిమి. దానిలో నలుబది నిమిషములు దాటిన తరువాత ఒకచోట పెదనాన్నగారు పరంజాపై రాళ్ళు అందించు వరుసను వర్ణించుచు, చేతులు కదిపినట్లున్నారు, కుర్చీ కిర్రుమన్నది. పిమ్మట లోయలో నీరు నిలుచుట మొదలైన దినమును గూర్చి చెప్పబోయి ఆగిరి. ఆ ఆగుటలో, పూర్వము రొద తప్ప మేమేమియు వినియుండలేదు. ఇప్పుడు అచ్చట ఆయన ఊపిరి తీయుట వినబడినది, వంటయింటిలో మా పెద్దమ్మగారు గిన్నె క్రింద పెట్టుట వినబడినది. దాని వెనుక చాల మెల్లగా ఆయన ఒక ఊరి పేరు చెప్పిరి. నీట మునిగిన తమ అత్తవారి ఊరు.